డబుల్ మార్కర్ రిపోర్టులో ఆ ఒక్క అంకె ఏం చెబుతుంది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోంది కదా? సరే. నెలలు నిండుతున్నవాళ్లకు మధ్యలో లేచి అటూ ఇటూ నడవాలనిపిస్తే మొహమాటపడకుండా నడవండి. నాకేం ఇబ్బంది లేదు.

నా చేతిలో ఉన్న ఈ కాగితం చూడండి. పేరు, వివరాలు కొట్టేశాను. ఇది డబుల్ మార్కర్ రిపోర్టు. పైన రక్తంలోని రెండు పదార్థాల కొలతలు, నడుమ ఒక గ్రాఫు, కింద ఎర్ర అక్షరాల్లో ఒక వరుస: "ట్రైసోమీ 21 రిస్క్ 1:180. స్క్రీన్ పాజిటివ్." ట్రైసోమీ 21 అంటే డౌన్ సిండ్రోమే. ఇది ఒక అమ్మాయి ఫోన్‌కి రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. ఆమె నా దగ్గరికి వచ్చేసరికి మర్నాడు పదకొండు అయింది. ఆ మధ్య పద్నాలుగు గంటలు ఆమె కన్ను మూయలేదు, ముద్ద ముట్టలేదు. గదిలోకి వస్తూనే అడిగిన మొదటి మాట, "డాక్టర్ గారూ, నా బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉందంట కదా?"

లేదమ్మా, ఈ కాగితం ఆ మాట ఎక్కడా అనలేదు. కానీ ఆమెకి అలాగే వినబడింది. ఆమె తప్పేం లేదు. రక్తం తీసుకునే ముందు ఈ పరీక్ష ఏమిటో ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. "మూడో నెలలో చేయించే టెస్టు, అందరికీ రాస్తారు" అన్నారంతే. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ పద్నాలుగు గంటల గురించే అనుకోండి.

తల్లి అడిగే ప్రశ్న ఒకటి: "నా బిడ్డ బాగుందా?" ఈ రక్తపరీక్ష జవాబిచ్చే ప్రశ్న ఇంకొకటి: "ఈ వయసులో, ఇలాంటి కొలతలున్న తల్లుల్లో ఎంతమంది బిడ్డలకు ఈ సమస్య ఉంటుంది?" రెండూ ఒకటే అనిపిస్తాయి, కాదు. మొదటి ప్రశ్నకు జవాబు ఉంది, లేదు అని వస్తుంది. రెండోదానికి ఇంతమందిలో ఒకరికి అని మాత్రమే వస్తుంది. అందుకే దీన్ని స్క్రీనింగ్ అంటాం. స్క్రీనింగ్ అంటే వడపోత. ఎవరిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలో వేరు చేయడం వరకే దాని పని. జబ్బును తేల్చే పరీక్షలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఆ 1:180 సంగతి. 180 మంది గర్భిణులు ఒకచోట కూర్చున్నారు, అందరి వయసూ అందరి కొలతలూ ఈ అమ్మాయివే అనుకోండి. వాళ్లలో ఒకరి బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. మిగతా 179 మంది బిడ్డలకు ఉండదు. శాతంలో చెప్పాలంటే ఉండే అవకాశం అర శాతం కంటే కాస్త ఎక్కువ, లేకపోయే అవకాశం 99 శాతం పైమాటే. ఇలా చెప్పాక ఆమె కాసేపు ఆ కాగితం వంకే చూసి అడిగింది: "మరి పాజిటివ్ అని ఎందుకు రాశారండీ?"

మంచి ప్రశ్న. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి రాశారు. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీస్తాయి. కొన్ని దేశాల్లో 1:150 దగ్గర గీస్తారు. అంటే ఇదే అమ్మాయి, ఇదే రక్తం, ఇదే 1:180 ఇంకో దేశంలో అయితే "స్క్రీన్ నెగెటివ్". బిడ్డలో ఏమీ మారలేదు, గీత జరిగిందంతే. 249 వస్తే ఎర్ర అక్షరాలు, 251 వస్తే ఆకుపచ్చ అక్షరాలు. ఆ రెండు అంకెలకీ తేడా నిజానికి ఏమీ లేదు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేదేమిటంటే, పాజిటివ్, నెగెటివ్, హై, లో అన్న మాటల మీద వేలు పెట్టి మూసేయండి, పక్కనున్న అంకె చదవండి.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం భయం తీరుతుంది. కొంచెం ఓపిగ్గా వినండి.

మొదలు తల్లి వయసు. మన కణాల్లో 46 క్రోమోజోములు, 23 జతలు. 21వ జతలో రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటే అది డౌన్ సిండ్రోమ్. ఆ పిల్లల లక్షణాలను జాన్ లాంగ్డన్ డౌన్ అనే వైద్యుడు 1866లోనే వివరించాడు గానీ, కారణం ఈ అదనపు క్రోమోజోమ్ అని తేలింది 1959లో. తల్లి వయసు పెరిగేకొద్దీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది. ఇరవై ఏళ్లకు సుమారు 1,500 కాన్పుల్లో 1, ముప్ఫైకి సుమారు 900లో 1, ముప్ఫై అయిదుకు 350లో 1, నలభైకి 100లో 1. ఇది రక్తం ఇవ్వకముందే, ఏ తల్లికైనా ఉండే లెక్క. ఎవరికీ సున్నా కాదు. "నాకు ఇరవై అయిదే, నాకెందుకు?" అని కొందరంటారు. ఒక్కొక్కరికి అవకాశం తక్కువే, కానీ కాన్పులు ఎక్కువగా చిన్న వయసులోనే జరుగుతాయి కాబట్టి డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది చిన్న వయసు తల్లులకే.

ఆ మొదటి అంకెను రక్తపు కొలతలతో హెచ్చిస్తారు, లేదా తగ్గిస్తారు. నా దగ్గరికి వచ్చిన అమ్మాయికి ముప్ఫై ఏళ్లు. మొదట 900లో 1. ఆమె కొలతలు ఆ అవకాశాన్ని సుమారు అయిదింతలు చేశాయి, 180లో 1 అయింది. నలభై ఏళ్ల ఇంకొకామెకు మొదట 100లో 1, కొలతలు చక్కగా ఉండి అవకాశం పదో వంతుకు తగ్గిందనుకోండి, 1,000లో 1 అవుతుంది. ముప్ఫై ఏళ్లామెకు ఎర్రగీత, నలభై ఏళ్లామెకు పచ్చగీత. ఇక్కడ ఆశ్చర్యపోవడానికేం లేదు, లెక్క అలాగే నడుస్తుంది.

ఏమిటా కొలతలు? డబుల్ మార్కర్‌లో రెండు. ఒకటి పాప్-ఏ అనే ప్రొటీన్, రెండోది ఫ్రీ బీటా హెచ్‌సీజీ. రెండూ తయారయ్యేది మాయలో. మాయ నుంచి తల్లి రక్తంలోకి వస్తాయి. బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉన్నప్పుడు సగటున పాప్-ఏ సగానికి తగ్గుతుంది, బీటా హెచ్‌సీజీ రెండింతలవుతుంది. సగటున అంటున్నాను, గుర్తుంచుకోండి. ఏ సమస్యా లేని బిడ్డల తల్లుల్లోనూ కొందరికి అలా ఉంటుంది, సమస్య ఉన్నా కొందరికి మామూలుగానే ఉంటుంది. ఆ రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అందుకే ఏ ఒక్క కొలతా తీర్పు చెప్పలేదు.

ఈ రక్తాన్ని 11 వారాలు నిండాక 13 వారాల 6 రోజుల లోపు చేసే ఎన్‌టీ స్కాన్‌తో జత చేయాలి. బిడ్డ మెడ వెనక చర్మం కింద కాస్త నీరు ఉంటుంది, దాని మందం కొలుస్తారు. రక్తం, స్కాన్ కలిపి లెక్క కడితే డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి 100 మంది బిడ్డల్లో 85 నుంచి 90 మందిని పట్టుకోవచ్చు. అందుకు మనం చెల్లించే మూల్యం ఏమిటంటే, ఏ సమస్యా లేని బిడ్డల తల్లుల్లో ప్రతి 100 మందికి 5 గురి రిపోర్టు కూడా ఎర్రగా వస్తుంది. ఒక్క రక్తం మీదే లెక్క కట్టిన రిపోర్టు మీ చేతికొస్తే, స్కాన్ కొలత కలిపారా లేదా అని తప్పకుండా అడగండి.

ఆ వారాలు దాటిపోయాక వచ్చేవాళ్లకు ట్రిపుల్, క్వాడ్రపుల్ మార్కర్లు. పదిహేనో వారం నుంచి ఇరవయ్యో వారం దాకా చేస్తారు. క్వాడ్రపుల్‌లో ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఈస్ట్రియాల్, ఇన్‌హిబిన్-ఏ అని నాలుగు. దీని పట్టు కాస్త తక్కువ, 100కి 80 దాకా.

ఈ నాలుగింటిలో ఏఎఫ్‌పీ అన్నిటికంటే పాతది, దాని కథ వేరు. దాన్ని మొదట వాడింది డౌన్ సిండ్రోమ్ కోసం కాదు. బిడ్డ వెన్నుగానీ పుర్రెగానీ మూసుకోకపోతే ఈ ప్రొటీన్ ఉమ్మనీటిలోకి ఎక్కువగా వస్తుందని 1972లో ఎడిన్‌బరోలో బ్రాక్, సట్‌క్లిఫ్ అనే పరిశోధకులు కనిపెట్టారు. ఆ తర్వాత తల్లి రక్తంలోనూ పెరుగుతుందని తెలిసింది. పన్నెండేళ్ల తర్వాత, 1984లో, మెర్కాట్జ్ అనే డాక్టర్, ఆయన సహచరులు దీనికి రెండో వైపు చూశారు: ఎక్కువైతే వెన్ను సమస్య, మరీ తక్కువైతే క్రోమోజోమ్ సమస్య ఉండొచ్చు. ఒకే కొలత, రెండు దిక్కులా అర్థం. ఇవాళ మార్కర్ పరీక్షలన్నిటికీ మూలం అదే.

ఇక రిపోర్టులో మీకు కనిపించే "ఎంఓఎం" అన్న మాట. మల్టిపుల్ ఆఫ్ మీడియన్. ఎందుకు వాడతారో చెబుతాను. మీరున్న వారంలోనే ఉన్న 101 మంది గర్భిణులను, రక్తంలో ఆ పదార్థం తక్కువ ఉన్నవాళ్ల దగ్గర నుంచి ఎక్కువ ఉన్నవాళ్ల దాకా వరుసగా నిలబెట్టండి. సరిగ్గా నడుమ నిలబడ్డామె కొలత ఎంతో, దాన్ని 1 అంటారు. మీది దానికి సగముంటే 0.5, రెండింతలుంటే 2. అంతే. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట "మీరున్న వారంలోనే" అన్నది. మిమ్మల్ని తప్పు వరుసలో నిలబెడితే రిపోర్టు మొత్తం తప్పుతుంది.

ఇక్కడ ఒక కేసు చెప్పాలి, కాస్త వివరంగానే చెబుతాను. ఒకామెకు నెలసరి ఎప్పుడూ క్రమంగా వచ్చేది కాదు, ఒక్కోసారి నలభై అయిదు రోజులు పట్టేది. ట్రిపుల్ మార్కర్ ఇచ్చిన రోజు, ఆఖరి నెలసరి తేదీ లెక్కన ఫారంలో 17 వారాలు అని రాశారు. రిపోర్టు ఎర్రగా వచ్చింది, 120లో 1. ఆమె ఫైల్లో మొదట్లో తీసిన స్కాన్ ఉంది. అందులో బిడ్డ పొడవును బట్టి లెక్కేస్తే రక్తమిచ్చిన రోజుకి నిండినవి 15 వారాలే. ఇప్పుడేం జరిగిందో చూడండి. ఏఎఫ్‌పీ ఆ వారాల్లో వారానికి సుమారు 15 శాతం చొప్పున పెరుగుతూ ఉంటుంది. ఈస్ట్రియాల్ కూడా పెరుగుతూ ఉంటుంది. హెచ్‌సీజీ మాత్రం పదో వారం దగ్గర శిఖరానికెళ్లి అక్కడి నుంచి తగ్గుతూ వస్తుంది. 15 వారాల తల్లిని 17 వారాల వరుసలో నిలబెడితే ఆమె ఏఎఫ్‌పీ తక్కువగా, ఈస్ట్రియాల్ తక్కువగా, హెచ్‌సీజీ ఎక్కువగా కనిపిస్తాయి. డౌన్ సిండ్రోమ్‌లో కనిపించే రూపం అచ్చంగా అదే. మూడు కొలతలూ ఒకే వైపు దారి తప్పాయి. ల్యాబుకి స్కాన్ తేదీ పంపి మళ్లీ లెక్క కట్టించాం, కొత్తగా రక్తం కూడా తీయలేదు. వచ్చిన అంకె గీతకు దరిదాపుల్లో లేదు. ఆ కుటుంబం అప్పటికి నాలుగు రోజులుగా ఏడుస్తోంది.

అందుకే ఫారం నింపే చోట తొందరపడకండి. శాంపిల్ తీసేచోట రద్దీగా ఉంటుంది, వెనక జనం ఉంటారు, ఫారం నింపే ల్యాబు అమ్మాయి గబగబా అడుగుతుంది. మీరు నింపాదిగా చెప్పండి. బరువు అడిగితే ఉజ్జాయింపుగా చెప్పకండి, ఆ రోజే తూకం ఎక్కండి. శరీరం పెద్దదైతే రక్తమూ ఎక్కువ ఉంటుంది, మాయ నుంచి వచ్చిన పదార్థం అందులో కలిసి పలచబడుతుంది. అసలు బరువు రాయకపోతే అది తక్కువున్నట్టు తేలుతుంది. కవలలైతే కొలతలు దాదాపు రెట్టింపు ఉంటాయి, ఆ మాట రాయాలి. ఐవీఎఫ్ గర్భమా, మధుమేహం ఉందా, పొగతాగే అలవాటుందా, ఇవన్నీ లెక్కను కదిలించేవే. పొగతాగేవాళ్లలో పాప్-ఏ తగ్గుతుంది. ఐవీఎఫ్‌లో దాతల అండం వాడి ఉంటే లెక్క కట్టాల్సింది మీ వయసు కాదు, అండం ఇచ్చినామె వయసు. ఇది చెప్పుకోవడానికి చాలామంది ఇబ్బంది పడతారు. డాక్టర్‌కి విడిగానైనా చెప్పండి, దాస్తే లెక్క తప్పుతుంది.

ఎన్‌ఐపీటీ అనే ఇంకో రక్తపరీక్ష గురించి చెప్పమని ముందే చీటీలు వచ్చాయి. వస్తున్నాను.

1997లో డెనిస్ లో అనే శాస్త్రవేత్త, ఆయన బృందం మగబిడ్డను మోస్తున్న తల్లుల రక్తంలో వై క్రోమోజోమ్ ముక్కలు ఉన్నాయని చూపించారు. తల్లికి వై క్రోమోజోమ్ ఉండదు కదా, అవి గర్భం నుంచి వచ్చినవే అయ్యుండాలి. మాయలో కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటాయి, వాటి డీఎన్ఏ తునకలు తల్లి రక్తంలో తేలుతూ ఉంటాయి. పదో వారం దాటాక తల్లి రక్తంలో తేలే డీఎన్ఏ తునకల్లో సుమారు పదో వంతు అవే. 21వ క్రోమోజోమ్ తునకలు ఉండాల్సిన పాళ్లకంటే కాస్త ఎక్కువ ఉన్నాయా అని లెక్కపెట్టడమే ఎన్‌ఐపీటీ. 2011 నుంచి ఆస్పత్రుల్లో వాడుకలోకి వచ్చింది. ప్రసవమైన కొద్ది గంటల్లోనే ఆ తునకలు రక్తం నుంచి పోతాయి కాబట్టి మొదటి కాన్పువి రెండోదాంట్లో కలుస్తాయన్న భయం అక్కర్లేదు.

ఇది చాలా మంచి పరీక్ష. డౌన్ సిండ్రోమ్ ఉన్న 100 మందిలో 99 మందిని పట్టుకుంటుంది. కానీ ఆ 99 శాతం అన్న మాటే ఎక్కువమందిని పొరపాటు పడేస్తోంది. "ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చింది, 99 శాతం ఖాయమట" అంటూ వస్తారు. కాదు. లెక్క చూద్దాం. వెయ్యి మందిలో ఒకరి బిడ్డకి సమస్య ఉండే వయసు తల్లులు 10,000 మంది ఈ పరీక్ష చేయించుకున్నారు. అంటే సమస్య ఉన్న బిడ్డలు 10 మంది. పరీక్ష దాదాపు ఆ పది మందినీ పట్టుకుంటుంది. ఇక ఏ సమస్యా లేనివాళ్లలో వెయ్యికి ఒకరికి పొరపాటున పాజిటివ్ వస్తుందనుకుందాం, అది చాలా తక్కువ పొరపాటే. కానీ వాళ్లు దాదాపు పదివేల మంది కదా, ఇంకో 10 మందికి పాజిటివ్. మొత్తం పాజిటివ్ రిపోర్టులు 20, అందులో నిజమైనవి 10. సగానికి సగం! ఇదే పరీక్ష 100లో 1 అవకాశమున్న నలభై ఏళ్ల తల్లులకు చేస్తే, నిజమైనవి 99, పొరపాటువి 10. అక్కడ పాజిటివ్ అంటే పదింట తొమ్మిది పాళ్లు నిజమే. యంత్రం ఒకటే, పద్ధతి ఒకటే, కానీ అదే మాట ఇద్దరు తల్లుల విషయంలో వేరువేరు బరువుతో పడుతుంది.

ఆ పొరపాట్లు ల్యాబు నిర్లక్ష్యం వల్ల కావు, చాలావరకు శరీరంలోనే కారణముంటుంది. మనం లెక్కపెట్టేది మాయ డీఎన్ఏ. మాయ, బిడ్డ ఒకే పిండం నుంచి ఏర్పడినా, ఒక్కోసారి మాయలో కొన్ని కణాల్లో మాత్రమే తేడా ఉండి బిడ్డలో ఉండదు. కవలల్లో ఒక పిండం మొదట్లోనే ఆగిపోయి కరిగిపోతే దాని తునకలు కొన్నాళ్లు తేలుతూ ఉంటాయి. అరుదుగా తల్లి ఒంట్లోనే ఏదైనా కారణం ఉంటుంది. అందుకే ఎన్‌ఐపీటీ ఎంత గొప్పదైనా వడపోతే. దాన్ని పట్టుకుని గర్భం గురించి తిరుగులేని నిర్ణయం తీసుకోకూడదు. ఈ ఒక్క మాట మీతో ఇంటికి వస్తే చాలని కోరుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఎన్‌టీ స్కాన్‌లో మెడ వెనక మందం 3.5 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉన్నా, స్కాన్‌లో అవయవ లోపం కనబడినా, ఎన్‌ఐపీటీతో కాలయాపన చేయొద్దు. నేరుగా నిర్ధారణ పరీక్షకే వెళ్లడం మంచిది, ఎందుకంటే అక్కడ వెతకాల్సినవి ఎన్‌ఐపీటీ చూసే రెండు మూడు క్రోమోజోములకే పరిమితం కావు. వెన్ను లోపాలనూ ఎన్‌ఐపీటీ చూడదు. అందువల్ల ఎన్‌ఐపీటీ చేయించుకున్నా అయిదో నెల స్కాన్ మానకూడదు.

నిర్ధారణ అంటే రెండు పరీక్షలు. 11 నుంచి 14 వారాల మధ్య సీవీఎస్, అంటే మాయ నుంచి చిన్న ముక్క తీయడం. 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష. స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో కొద్దిగా ఉమ్మనీరు తీస్తారు, అందులో బిడ్డ కణాలుంటాయి. మొదటి ఫలితం రెండు మూడు రోజుల్లో, పూర్తి క్రోమోజోమ్ చిత్రం సుమారు రెండు వారాల్లో వస్తుంది. గర్భస్రావం భయం అందరికీ ఉంటుంది, సహజం. అనుభవమున్న చేతుల్లో దీనివల్ల గర్భం పోయే అవకాశం 200లో 1 కంటే తక్కువ. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తమైతే ఈ పరీక్ష తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ వేయించుకోవాలా అని అడగడం మరిచిపోవద్దు.

1:180 అమ్మాయి ఏం చేసిందంటారా? ఆమె, భర్త వారం ఆలోచించుకున్నారు. ఎన్‌ఐపీటీ కూడా అవకాశమే కదా చెప్పేది, మాకు తేల్చి చెప్పేదే కావాలన్నారు. పదహారో వారంలో ఉమ్మనీటి పరీక్ష చేశాం, క్రోమోజోములు మామూలుగా ఉన్నాయి. అయితే ఆమె రిపోర్టును నేను పక్కన పడేయలేదు. ఆమె పాప్-ఏ బాగా తక్కువ. క్రోమోజోములు బాగున్నప్పుడు అంత తక్కువ పాప్-ఏ అంటే మాయ బలంగా లేదేమో అని అనుమానించాలి, బిడ్డ ఎదుగుదల మందగించొచ్చు, తల్లికి బీపీ పెరగొచ్చు. ఆమెకి ఎదుగుదల స్కాన్‌లు ఎక్కువసార్లు చేశాం. బిడ్డ కాస్త చిన్నగానే పుట్టింది, ఆరోగ్యంగా పుట్టింది. బీపీ విషయంలో ఇప్పుడు మొదటి మూడు నెలల్లోనే తల్లి బీపీ, గర్భాశయ రక్తనాళాల స్కాన్, రక్తంలో పీఎల్‌జీఎఫ్ అనే మాయ ప్రొటీన్ కలిపి ముందే అంచనా వేస్తున్నారు. అవకాశం ఎక్కువున్నవాళ్లకు 16 వారాల లోపే రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మొదలుపెడితే, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, 62 శాతం తగ్గిందని 2017లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. డాక్టర్ చెప్పకుండా మీ అంతట మీరు వేసుకునేది కాదు. ఈ రక్తపరీక్షలు డౌన్ సిండ్రోమ్‌కి మించి ఏం ఇస్తాయో తెలియడానికి చెబుతున్నాను.

"లో రిస్క్" వచ్చినవాళ్లకూ ఒక మాట. నేను చూసిన ఒక తల్లికి 1,100లో 1 వచ్చింది. పచ్చగీత. బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆమె నన్ను నిందించలేదు, కానీ ఒక మాటన్నది: "1,100లో ఒకరు ఉంటారని చెప్పారు, ఆ ఒకరు నేనే అవుతానని అనుకోలేదు." ఆ బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, మాటలు కాస్త ఆలస్యమయ్యాయి, నా గదిలోకి వస్తే నేరుగా స్టెతస్కోప్ అందుకుంటాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగంమందికి గుండె లోపం ఉంటుంది, నేర్చుకోవడం నెమ్మదిగా సాగుతుంది, అందరిదీ ఒకే స్థాయి కాదు. సరైన వైద్యం అందితే చాలామంది అరవై ఏళ్ల దాకా జీవిస్తున్నారు. నిర్ణయం ఏదైనా, తీసుకునే ముందు అలాంటి బిడ్డను పెంచుతున్న ఒక కుటుంబంతో మాట్లాడమని నేను చెబుతుంటాను. డాక్టర్ చెప్పేదానిలో జబ్బు ఉంటుంది, వాళ్లు చెప్పేదానిలో బిడ్డ ఉంటుంది.

మొదటి విజిట్‌లో చేసే హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, షుగర్, థైరాయిడ్, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సిఫిలిస్ పరీక్షల గురించి పెద్దగా చెప్పను, అవి మీకు తెలిసినవే, వాటి ఫలితాన్ని బట్టి చికిత్స కూడా సూటిగానే ఉంటుంది. ఒక్క తలసీమియా, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు, దాని గురించి మాత్రం ఆగాలి. తల్లి రక్తంలో హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం మించితే ఆమె తలసీమియా క్యారియర్, అంటే జబ్బు లేకుండా దాని జన్యువును మోసే మనిషి, అయ్యుండొచ్చు. ఆమెకి ఏ ఇబ్బందీ ఉండదు, కొంచెం రక్తహీనత అంటారంతే. అప్పుడు చేయాల్సింది భర్త రక్తం చూడటం, అదీ వెంటనే. అతనూ క్యారియర్ అయితే ప్రతి గర్భంలోనూ 4లో 1 అవకాశంతో బిడ్డకి తీవ్రమైన తలసీమియా రావొచ్చు, అంటే జీవితాంతం రక్తమెక్కించుకోవాల్సిన పరిస్థితి. "నాకేం లేదు, నాకెందుకు సూది?" అనే భర్తలను చూస్తుంటాను. ఆ ఒక్క సూదితో అక్కడికక్కడే విషయం తేలుతుంది. అతను క్యారియర్ కాకపోతే గర్భంలోకి సూది పంపే అవసరమే ఉండకపోవచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి.

ఈ పరీక్షకు పరగడుపున రావాలా అంటున్నారు. అక్కర్లేదమ్మా. మార్కర్ పరీక్షలకూ ఎన్‌ఐపీటీకీ తిని రావొచ్చు.

ఎన్‌ఐపీటీ ఇస్తే "ఫలితం రాలేదు" అని వచ్చిందంటున్నారు. మాయ డీఎన్ఏ పాలు మరీ తక్కువైతే, చాలా ల్యాబుల్లో 4 శాతం లోపు ఉంటే, ఫలితం ఇవ్వరు. పది వారాలు నిండకముందే ఇచ్చినా, తల్లి బరువు ఎక్కువున్నా ఇలా అవుతుంది. అయితే 13, 18 క్రోమోజోముల సమస్యల్లోనూ మాయ చిన్నదై ఇలా జరగొచ్చు. కాబట్టి "రాలేదులే" అని వదిలేయకండి. స్కాన్ చూసుకుని, మళ్లీ ఇవ్వాలా, నిర్ధారణకు వెళ్లాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడండి.

వెనక నుంచి ఒకామె అడుగుతున్నారు: "ఏం తేలినా ఈ బిడ్డ మాకు కావాలి. అసలు ఈ పరీక్ష చేయించుకోకపోతే తప్పా?" తప్పు కాదు. వడపోత పరీక్ష మీ హక్కు, మీ మీద బలవంతం కాదు. కొంతమంది బిడ్డ గుండె గురించి ముందే తెలిస్తే సరైన ఆస్పత్రిలో కాన్పు ప్లాన్ చేసుకోవచ్చని చేయించుకుంటారు. కొంతమంది వద్దనుకుంటారు. రక్తమిచ్చే ముందే భార్యాభర్తలు కూర్చుని, "ఎర్రగా వస్తే తర్వాత ఏం చేద్దాం?" అని ఒక్కసారి మాట్లాడుకోండి. ఆ మాట మాట్లాడుకున్నాక మీరు తీసుకునే నిర్ణయం ఏదైనా సరైనదే.

ఫోలిక్ యాసిడ్ గురించి: గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు. వెన్ను మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే, చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. ఇంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టి ఉంటే డోసు చాలా ఎక్కువ, 4 నుంచి 5 మిల్లీగ్రాములు, అది డాక్టర్ రాయాలి.

ఆఖరి ప్రశ్న. "రిపోర్టు రాత్రిపూట ఫోన్‌కి వస్తే ఏం చేయాలి?" శాంపిల్ ఇచ్చేటప్పుడే అడగండి, ఏ రోజు వస్తుంది, ఎవరు చెబుతారు అని. ఆ రోజుకే డాక్టర్ దగ్గర టైము తీసుకోండి. అయినా ముందే వచ్చేసిందా, వారాలు, బరువు, బిడ్డల సంఖ్య సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఆ అంకె చూసి, దాన్ని తిరగేసి చదవండి. 180లో 1 అంటే 180లో 179. ఆ 1:180 అమ్మాయి పోయిన నెల రెండో గర్భంతో వచ్చింది. ఈసారి ఫారం మీద రిపోర్టు నాకే పంపమని తన చేత్తోనే రాయించింది, తూకం ఎక్కి బరువు చెప్పింది, ఫలితం వచ్చే రోజుకి పొద్దున పదింటికి అపాయింట్‌మెంట్ రాయించుకుని వెళ్లింది.